గడప లేని చోటు

పార్కు చూడడానికి వెళ్తున్నామంటే మా అత్తగారి ఊళ్లో ఒక్కరూ నమ్మలేదు.

"పార్కంటే ఏటే?" అంది పక్కింటావిడ. మా అత్తగారు పెరట్లో ఇత్తడి చెంబు చింతపండు వేసి తోముతోంది.

"తోట."

"తోటైతే కాయలేటి కాస్తాయి?"

"కాయలు కాయవుట. ఊరికే సూడ్డానికేనట."

"కాయని సెట్లు సూడ్డానికి రైలెక్కి ఇజీనారం ఎల్తారేటి ఎవులైనా? మన దొడ్లో లేవేటి సెట్లు?"

మా అత్తగారు నా వైపు ఒకసారి చూసి, "మా కోడలు సదూకున్నాది. సదూకున్నోల్లు ఎల్తార్లే" అంది. పక్కింటావిడకు ఆ జవాబు సరిపోయింది. చదువుకున్నవాళ్లు ఏ వెర్రిపనైనా చేస్తారని ఆ ఊళ్లో అందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకం తప్పని నేను వాదించలేను.

ఇది అరవై ఎనిమిదిలోనో, అరవై తొమ్మిదిలోనో. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. ఇప్పుడు నలభై దాటి చాలా దూరం వచ్చాను. మా ఆయన శ్రీకాకుళంలో హైస్కూలు మేస్టారు. అత్తగారూ ఆడబడుచూ ఎచ్చెర్ల దాటాక ట్రంకు రోడ్డుని ఆనుకున్న ఊళ్లో వరిచేలూ, రాగులు పండే చోడి మెట్టలూ చూసుకుంటూ ఉండేవారు. మామగారు ఏనాడో పోయారు. నేను పుట్టిందీ, పెరిగిందీ, బి.ఏ. చదివిందీ విజయనగరంలో. కాలేజీలో వక్తృత్వపు పోటీల్లో నాకు మూడు కప్పులు వచ్చాయి. అవతలివాడు నోరు విప్పేలోపు వాడి వాదనలో లొసుగు పట్టుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య అని మా మేస్టర్లు మెచ్చుకునేవారు. పెళ్లయ్యాక ఆ విద్యను ఎవరూ మెచ్చుకోలేదు. మా ఆయన మాత్రం ఓడిపోవడం అలవాటు చేసుకుని హాయిగా ఉన్నారు.

విజయనగరం వెళ్లడం దేనికో చెప్పాలంటే అంతకు రెండేళ్ల ముందు సంగతి చెప్పాలి.

మా ఆడబడుచుని సాలూరు ఇచ్చారు. అల్లుడు లారీ డ్రైవరు. మనిషి మంచివాడు, మాటకారి కాడు, పంతం మాత్రం ఎక్కువ. ఆమె పురిటికి పుట్టింటికి వచ్చి, ఆడపిల్ల పుట్టి, ఆ పిల్లకి ఐదో నెల వచ్చాక అతను తీసుకెళ్లడానికి వచ్చాడు. వచ్చినవాడు శుక్రవారం నాడు వచ్చాడు. శుక్రవారం ఆడపిల్లని పుట్టింటి గడప దాటించరు. ఆమె వెనకే ఇంటి లక్ష్మి కూడా వెళ్లిపోతుందట.

"ఈపూటకుండిపో నాయినా. రేపు తెల్లారి తీసుకెల్దువుగాని" అని మా అత్తగారు తలుపు చాటునుంచి చెప్పింది. మా వాళ్లలో అత్త అల్లుడి ఎదటికి రాదు. ఎంత పెద్ద మాటైనా, ఎంత చిన్న మాటైనా తలుపు వెనక నిలబడే చెప్పాలి. అతనూ ద్వారబంధంతో మాట్లాడుతున్నట్టే జవాబు చెప్తాడు. రోడ్డు మీద చింతపండు లోడుతో లారీ ఆగి ఉంది. ఆ రాత్రికి బరంపురం చేరాలి. ఉండనంటే ఉండనన్నాడు. పంపనంటే పంపనంది. మాటా మాటా పెరిగింది.

"మళ్లీ ఈ గడప తొక్కితే నా మొహాన ఉమ్మీండి" అనేసి వెళ్లిపోయాడు.

అంతే. జరిగింది అంతే. అతను గడప తొక్కడు. అతను వచ్చి పిలవందే ఈమె వెళ్లకూడదు. మొగుడు తోడు రాకుండా మూట నెత్తిన పెట్టుకుని వెళ్తే నలుగురూ ఏమంటారు? మా ఆయన మూడుసార్లు సాలూరు వెళ్లారు. రెండుసార్లు అతను రోడ్డు మీద ఉన్నాడు. మూడోసారి దొరికి, టీ ఇప్పించి, "ఒట్టెట్టుకున్నాను బావా, ఏటి సెయ్మంటావు?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడట.

వారానికోసారి అతని లారీ మా అత్తగారి ఊరి మీదుగా పోయేది. ఊరి మొదట్లో రెండు సార్లు పొడుగ్గా, ఒకసారి పొట్టిగా హారన్ కొట్టేవాడు. మా ఆడబడుచు ఏ పనిలో ఉన్నా సరే పిల్లని చంకనేసుకుని రోడ్డు దాకా పరుగెత్తేది. వెళ్లేసరికి దుమ్ము మిగిలేది. అలా రెండేళ్లు.

ఈ ముడి విప్పే ఉపాయం నాకు తట్టింది. గడపే కదా అడ్డు, గడప లేని చోట కలిస్తే సరి! ఒట్టూ పోదు, పరువూ పోదు. అతను ఆదివారాలు విజయనగరంలో లోడు దించుతాడు. అక్కడ రాజావారి కాలం నాటి తోట ఒకటి ఉంది, ఇప్పుడది మునిసిపాలిటీ పార్కు. మనం వెళ్దాం, అతను వస్తాడు, అక్కడినుంచే తల్లినీ పిల్లనీ పంపిద్దాం. ఊళ్లో అడిగినవాళ్లకి తోట చూడబోయామని చెబుదాం.

అందరూ ఒప్పుకున్నారు. సాలూరునుంచి అతని మేనమామ కబురు పెట్టాడు. వస్తారట, పైగా ఆ ఉపాయం చెప్పిన కోడలమ్మ బుర్ర గొప్పదన్నాడట. ఆ ముక్క నేను మా ఆయన చేత రెండుసార్లు చెప్పించుకున్నాను.

మేము ఐదుగురం బయల్దేరాం. మా ఆయన, నేను, అత్తగారు, ఆడబడుచు, రెండున్నరేళ్ల పిల్ల. ఆమదాలవలసలో పాసింజరు ఎక్కాం. మాతో పాటు ఒక ఇనప ట్రంకుపెట్టె, దాన్నిండా మా ఆడబడుచు బట్టలు. ఒక వెదురుబుట్ట, దాన్నిండా సారె చిమ్మిలి ఉండలు. నువ్వులూ బెల్లమూ రోట్లో దంచి మా అత్తగారు రెండు రోజులు కష్టపడి చేసింది. ఇంకా ఆ ఇత్తడి చెంబు.

"చెంబెందుకు?" అన్నాను.

"అల్లుడొస్తే కాల్లకి నీల్లియ్యొద్దేటి?"

"పార్కులో కాళ్లకి నీళ్లేమిటండీ?"

"పార్కైతే కాల్లుండవేటి?" అంది. ఆవిడతో వాదించి నేను ఎన్నడూ గెలవలేదు.

విజయనగరంలో దిగాక అతను వచ్చే వేళకి చాలా పొద్దుంది. కోట గోడ చూపించాను. పెద్దచెరువు చూపించాను. గంటస్తంభం దగ్గర మా అత్తగారు తల పైకెత్తి చాలాసేపు చూసి, "ఇంత పొడుగెందుకు? టయిమేటో కింద నిలబడ్డోడికి కదా కావాల" అంది. ట్రంకుపెట్టె మా ఆయన భుజం మీద, బుట్ట నా చంకలో. ఇలా మేము పర్యాటకులం.

పార్కులోకి అడుగుపెట్టాక మాత్రం మా అత్తగారు అటూ ఇటూ కళ్లప్పగించి చూసింది.

ఆ తోట నాకు కాలేజీ రోజులనుంచి తెలుసు. ఎత్తైన ఇనప గేటు, దానిమీద తోకలు విరిగిన రెండు సింహాలు. రెండు పక్కలా పొగడచెట్ల వరస. మధ్యలో పాలరాతి కుండ ఎత్తుకున్న పిల్ల బొమ్మ, కుండలోంచి నీళ్లు పడి ఎన్నేళ్లయిందో. ఎనిమిది స్తంభాల బ్యాండు మంటపం ఒకటి, రాజావారి బ్యాండు అక్కడ వాయించేదట. కత్తిరించి ఏనుగులాగా నెమలిలాగా పెంచిన పొదలు. ఒక మూల రేడియో గది, దానిమీద మైకు. సాయంత్రం వార్తలు వినడానికి పెన్షనర్లు గొడుగులు పట్టుకుని ముందే వచ్చి బెంచీలు ఆక్రమించేవారు.

"ఇది రాణీగారి కోసం వేసిన తోట. ఆ రోజుల్లో మగవాళ్లని రానిచ్చేవారు కాదు" అని గైడులాగా మొదలెట్టాను.

"మంచి పనే" అంది అత్తగారు. వంగి గడ్డిని అరచేత్తో నిమిరింది. "గరికే. ఇంత ఒద్దికగా ఎలా పెంచినారో. కొడవలి తెచ్చుంటే మన గేదెకి వారం మేత."

కావలివాడు వచ్చాడు. "అమ్మా, గడ్డి మీద కూసోకూడదు."

"కూసోకపోతే పెంచడం ఎందుకు బాబూ?"

"సూడ్డానికి."

"అదీ సూడ్డానికేనా!" అంటూ లేచింది. తరవాత వాడి కళ్లు ట్రంకుపెట్టె మీద పడ్డాయి. "ఇది స్టేసన్ కాదు, పార్కు" అన్నాడు. మా ఆయన వాణ్ణి పక్కకి తీసుకెళ్లి ఏదో నచ్చజెప్పారు.

ఆ మధ్యాహ్నం బాగుంది. ఈ మాట రాయకపోతే తప్పవుతుంది. పొగడచెట్టు కింద దబ్బకాయ పులిహోర తిన్నాం. మా అత్తగారు రాలిన పొగడపూలు ఏరి, గరికపరకకి గుచ్చి, మనవరాలి మెడలో వేసింది. పిల్ల ఏనుగు పొదని చూసి మొదట ఏడ్చింది. తరవాత దాని కడుపులోంచి దూరి అవతలికి వెళ్లడం నేర్చుకుని, ఇక మమ్మల్ని పట్టించుకోలేదు. మా ఆడబడుచు నీలం చీర కట్టుకుంది, అది ఆమె పెళ్లినాటిది. బ్యాండు మంటపం మెట్ల మీద కూచుని స్తంభాల మీది ఇనప లతలు వేలితో తడుముతూ, "సాలూర్లో ఇలాటిది ఉన్నాదేటి ఒదినా?" అంది.

"ఇవాళ నీ మొగుడు వస్తాడుగా, అడుగు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రెండేళ్లలో ఆమె నవ్వడం నేను చూడలేదు. నా ఉపాయం ఎంత గొప్పదో అని అప్పుడు నాకే ముచ్చటేసింది.

మూడింటికి వస్తానన్నవాడు నాలుగు దాటినా రాలేదు. ఆ రోజుల్లో పార్వతీపురం వైపు రోడ్ల మీద పోలీసులు లారీలు ఆపి సోదాలు చేసేవారు. అందుకే ఆలస్యమైందని తరవాత తెలిసింది. అప్పుడు తెలియదు. మా ఆడబడుచు గేటు వైపు చూస్తూ ట్రంకుపెట్టె మీద కూచుంది. ఆమె మొహం చూస్తూ నేను లోపల ఉడుకుతున్నాను. నాలుగున్నరకి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో కాగితంలో చుట్టిన పొట్లం, వెనక మేనమామ.

అతను గేటు దాటగానే మా అత్తగారు గబుక్కున లేచింది. కొంగు నెత్తిమీదికి లాక్కుంది. అటు చూసింది, ఇటు చూసింది. వెతుకుతున్నది తలుపు అని నాకు అప్పుడు అర్థమైంది. పార్కులో తలుపెక్కడ ఉంటుంది? గడప లేని చోటు చూశానని మురిసిపోయాను గానీ, గడప లేకపోతే తలుపూ ఉండదని నా బి.ఏ. బుర్రకి తోచలేదు. చివరికి ఆవిడ నడుమెత్తు కూడా లేని క్రోటను మొక్కల వరస వెనక్కి వెళ్లి, నేల మీద చతికిలబడి, వీపు మా వైపు తిప్పుకుంది. ఇత్తడి చెంబు ఒడిలో పెట్టుకుంది. కొళాయి ఎక్కడుందో అడిగి నీళ్లు నింపి సిద్ధంగా ఉంచింది ఎప్పుడో. ఇచ్చేవాళ్లు లేరు. ఆ నీళ్లు నేనే ఇవ్వచ్చు. నాకు చిన్నతనం అనిపించింది.

మగవాళ్లు ముగ్గురూ దూరంగా రేడియో గది దగ్గరి బెంచీ మీద కూచున్నారు. మైకులో ఎవరో వీణ వాయిస్తున్నారు. అతను రెండుసార్లు ట్రంకుపెట్టె వైపు, పిల్ల వైపు చూశాడు. పిల్ల ఏనుగు కడుపులో దాక్కుంది. కొంచెంసేపటికి మా ఆయన లేచి నా దగ్గరికి వచ్చారు.

"సిద్ధంగానే ఉన్నాడు. ఒక్క మాటట. ఆ రోజు పంపకపోవడం పొరపాటేనని అమ్మ నోటినుంచి ఒక్క మాట వస్తే చాలట. ఇప్పుడే తీసుకెళ్తానంటున్నాడు" అని చెప్పి వెనక్కి వెళ్లారు.

నేను క్రోటన్ల దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆవిడ వెనక్కి తిరగలేదు.

"తప్పు నాదేనని సెప్పు. ఆ పొద్దు శుక్రవారమని ఆపీడం నాదే తప్పని సెప్పు. పిల్లని తీసుకెల్లమని దండం ఎట్టినానని సెప్పు" అంది.

ట్రంకుపెట్టె మీదినుంచి మా ఆడబడుచు ఆ మాట విన్నది. లేచి నిలబడింది. పెట్టె దగ్గరినుంచి బెంచీ ఇరవై అడుగులు కూడా ఉండదు, క్రోటన్ల దగ్గరినుంచి దానికి రెట్టింపు. ఇంట్లో అయితే ఆ మాట తలుపు చాటునుంచి తిన్నగా అతని చెవిలో పడేది. ఇక్కడ మైకులో వీణ, మధ్యన నలభై అడుగులు, మోసుకుపోవలసిన మనిషిని నేను.

నేను బెంచీ దగ్గరికి వెళ్లాను. ఆ మాట చెప్పాలనే వెళ్లాను. మా ప్రాంతంలో అక్కని అప్ప అంటారు. అతను నన్ను చూసి, లేచి నిలబడి, కాస్త నవ్వి, "ఏటప్పా, అత్త దిగొచ్చినాదా?" అన్నాడు.

సిగ్గుపడుతూ నవ్విన నవ్వది. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు వెటకారం వినిపించింది. తన కన్నా వయసులో అంత పెద్దావిడ, నేల మీద కూచుని, చెంబు ఒళ్లో పెట్టుకుని దండం పెడుతుంటే, దిగొచ్చిందా అంటాడా?

"దిగి రావడానికి ఆవిడేమైనా చెట్టెక్కి కూచుందా?" అన్నాను.

మేనమామ ఫక్కున నవ్వాడు. పక్క బెంచీ మీద పెన్షనర్లు ఇటు తిరిగారు.

"అది కాదప్పా—"

"మరేది? నీ లారీ టైరు ఘాటీ రోడ్డులో పేలిందనుకో. రాత్రంతా ఆగుతావా, ఆగవా?"

"ఆగుతాను."

"టైరు కోసం ఆగినవాడివి పెళ్లాం కోసం ఒక్క రాత్రి ఆగలేకపోయావా?"

"మంచి పాయింటు!" అన్నాడు గొడుగు పట్టుకున్న ముసలాయన ఒకడు. నవ్వారు. ఆ మాట నా చెవికి ఎంత కమ్మగా సోకిందో చెప్పలేను. పదేళ్లయింది నన్ను ఎవరైనా అలా మెచ్చుకుని. మా ఆయన నా చేతిని మెల్లిగా తట్టారు. విదిలించుకున్నాను. రెండో పాయింటు, మూడో పాయింటు. కన్నబిడ్డ మొహం చూడాలనిపించలేదా? ఆడదాని మాట పట్టుకుని పంతం పట్టినవాడు ఏం మగాడు? అతను ఒక్కోదానికీ నోరు తెరిచేవాడు, నేను ఇంకోటి వేసేదాన్ని. ఇంకో నలుగురు వచ్చి మా చుట్టూ నిలబడ్డారు.

"మాటాడ్రా, నీ నోరేటైపోనాది?" అని మేనమామ మేనల్లుణ్ణి పొడిచాడు.

"హారన్ ఒకటి!" అన్నాను, చుట్టూ ఉన్నవాళ్లకి కూడా వినబడేట్టు. "ఇంటి మీదుగా పోతూ హారన్ కొడతాడండీ. ఆ పిచ్చిది పిల్లని ఎత్తుకుని రోడ్డు మీదికి పరిగెత్తాలి, ఈయనగారు దుమ్ము కొట్టి పోవాలి. వారం వారం దాన్ని అలా ఏడిపించడానికి మాత్రం తీరిక ఉంది!"

అందరూ గొల్లుమన్నారు. ఎవడో నోటితో లారీ హారన్ కూడా మోగించాడు.

అతని మొహం చూశాను అప్పుడు. ఎర్రబడలేదు, ఏమీ లేదు. మొహంలో ఉన్నదంతా ఎవరో తుడిచేసినట్టయింది.

"ఏడిపించడానికి కొట్నేదప్పా" అన్నాడు, నాకు మాత్రమే వినబడేంత మెల్లిగా. చేతిలో పొట్లం బెంచీ మీద పెట్టాడు. "నువ్వే గెలిసినావు. నానెల్తాను."

వెళ్లిపోయాడు. మేనమామ వెనకాల పరుగెత్తాడు, మా ఆయన కూడా గేటు దాకా పరుగెత్తారు. మా ఆడబడుచు పెట్టె దగ్గరనుంచి నాలుగడుగులు వేసి ఆగిపోయింది. నలుగురు మగవాళ్లు ఆమెనే చూస్తున్నారు మరి.

నేను క్రోటన్ల దగ్గరికి తిరిగి వచ్చాను. చెవుల మీద ముసుగు, మైకులో వీణ అడ్డం వచ్చి ఆవిడకి వెనకనుంచి నవ్వులు వినబడ్డాయి గానీ మాటలు వినబడలేదు.

"సెప్పినావా?" అంది, ఇంకా వీపు తిప్పే.

మా ఆడబడుచు అప్పటికే అక్కడికి వచ్చి నా ఎదురుగా నిలబడి ఉంది. మా ఇద్దరి మధ్యా ఆవిడ ముసుగు తల.

"చెప్పాను" అన్నాను.

"ఏటన్నాడు?"

"వెళ్లిపోయాడు."

మా అత్తగారు చెంబులో నీళ్లు మొక్కల మొదట్లో పోసి లేచి వచ్చింది.

తిరుగు రైలుకి ఇంకా గంటన్నర ఉంది. ఎక్కడికి వెళ్తాం? అక్కడే కూచున్నాం. పొట్లం విప్పితే గులాబీరంగు గౌను. ఏడాది పిల్లకి సరిపోయేది. అతను చివరిసారి చూసిన పిల్లని మనసులో ఏ మేర పెంచుకున్నాడో, కొట్లో చేతులతో కొలత చూపించి కొని ఉంటాడు. మా ఆడబడుచు దాన్ని మడిచి ట్రంకుపెట్టెలో అడుగున పెట్టింది.

సారె చిమ్మిలి ఇంటికి తిరిగి మోయకూడదు. అది కీడు. మా అత్తగారు బుట్ట తీసుకుని లేచి, బెంచీ బెంచీకీ వెళ్లి పంచిపెట్టింది. ఇందాక నవ్విన పెన్షనర్లందరూ చేతులు చాపారు. "భలే ఉన్నాయమ్మా, బెల్లం అంటే మీ వైపుదే" అన్నాడు గొడుగాయన, నన్ను చూసి తలూపుతూ. కావలివాడు రెండు తీసుకున్నాడు. పిల్ల ఏనుగులోంచి దూరి దూరి అలిసిపోయి, ఇంక ఇంటికి రానని ఏడుపు లంకించుకుంది. మైకులో వార్తలు మొదలయ్యాయి. అందరూ మమ్మల్ని మరిచిపోయి అటు తిరిగారు.

ఆ తరవాత హారన్ మోగలేదు. లారీ ఆ దారినే పోయేదట, చప్పుడు లేకుండా.

చైత్రంలో మా అత్తగారింటి అరుగు మీద కులపెద్దలు నలుగురు కూచున్నారు. ఇంకోసారి సాలూరు వెళ్లి మాట్లాడాలా, వద్దా అన్నది తేల్చడానికి. ఒకాయన వెళ్దామన్నాడు. ఇద్దరు తటపటాయించారు. పెద్దాయన లోపలికి చూసి, "ఏమ్మా, నీ మాటేటి?" అన్నాడు.

మా అత్తగారు తలుపు చాటునుంచి చెప్పింది. ఈసారి తలుపుంది. "నానేటి సెప్తాను బాబూ? తప్పు నాదేననీసి దండం ఎట్టి కబురెట్టినాను. మా కోడలే ఎల్లి సెప్పినాది. ఇన్లేదు. ఎల్లిపోనాడు."

"తప్పొప్పుకున్నా ఇన్లేదా?"

"ఇన్లేదు."

"అయితే ఇంకెందుకెల్లడం? రాయికి దండం ఎట్టినా కదుల్తాది" అన్నాడు పెద్దాయన. వెళ్దామన్న ఆయన కూడా తల వంచుకున్నాడు.

అరుగు చివర కూచున్న మా ఆయన తల తిప్పి నన్ను చూశారు. ఆ బెంచీ దగ్గర నేను ఏమన్నానో ఒక్కో ముక్కా విన్న మనిషి. అత్తగారు ఆ కబురు పంపిందని ఆయనకి ఆ నిమిషం దాకా తెలియదు, పార్కు ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. చూసి, కళ్లు దించుకుని, కండువా అంచు సర్దుకోవడం మొదలెట్టారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఒక్క వాక్యం. నేను చెప్పలేదండీ అన్న ఒక్క వాక్యం చాలు. వాళ్లు మర్నాడే సాలూరు బస్సెక్కేవారు. జీవితంలో ఏ సభలోనూ నోరు మూసుకోని దాన్ని, ఆ పూట మూసుకున్నాను. వాళ్లు మజ్జిగ తాగి లేచారు.

వానలు పడ్డాక కబురొచ్చింది. అతను కొరాపుట్టు వైపు పిల్ల ఒకామెని తెచ్చుకుని మారుమనువు చేసుకున్నాడట. మా అత్తగారు వీధిలో నిలబడి మట్టి ఎత్తి పోసింది. తను దండం పెట్టినా కరగని వాడు నాశనమైపోవాలంది. ఊరంతా ఆవిడ పక్షమే.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. మా ఆడబడుచు పెరట్లో చేటతో చోళ్లు చెరుగుతోంది. ఏడవడం లేదు. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"ఆ రోజు పార్కులో నువ్వు విన్నావు. అమ్మ అన్నదీ విన్నావు, నేను చెప్పనిదీ విన్నావు" అన్నాను.

"ఇన్నాను."

"పెద్దలొచ్చిన రోజు ఎందుకు చెప్పలేదే? నాకు నోరు రాలేదు. నీకేం? నువ్వు చెప్పి ఉంటే వాళ్లు వెళ్లేవారు. అతను వచ్చేవాడు."

చేట ఆపింది. నా మొహంలోకి చూసింది. కోపం వెతికాను. కోపం ఉంటే వాదించవచ్చు.

"వొచ్చీవోడో రాకపోయీవోడో ఎవులికి తెలుసు ఒదినా? సెప్తే మా యమ్మ జన్మలో నీ మొకం సూడదు. నువ్వింక రావు. ఆడూ రాక, నువ్వూ రాక, ఈ ఇంట్లో మా యమ్మా నానూ ఒకల్ల మొకం ఒకలు సూసుకుంటూ ఏటి సేత్తాం?" అంది. "నాకింకెవులున్నారు?"

నేను అక్కడే నిలబడ్డాను. పొట్టు నా చీర మీద పడుతోందని కాస్త అటు తిరిగి కూచుని, ఆమె మళ్లీ చెరగడం మొదలెట్టింది.